కాణిపాకం దారిలో ఇటలీ కారు

కుప్పుస్వామి గేటు బయటే నిలబడిపోయాడు. చేతిలో పళ్లెం. అందులో మొన్న కారు బేరం కుదిరినప్పుడు తులసీరాం తన చేతులతో ఇచ్చిన తమలపాకులూ వక్కలూ, వాటి కింద అడ్వాన్సు కవరు. ఆకులు వాడిపోయాయి గానీ పళ్లెం మాత్రం తోమి తెచ్చినట్టు తళతళలాడుతోంది. ఆయన వెనక, గోడ నీడలో, ఆ ఎర్రకారు ఆగి ఉంది.

"అట్లే నిలబడినారే సార్. లోపలికి రాండి, కాఫీ తాగి మాట్లాడుకుందాం" అన్నాడు తులసీరాం.

"వద్దు సార్. తప్పుగా అనుకోవద్దండి. ముందు ఇది తీసుకోండి."

తులసీరాం పళ్లెం అందుకోలేదు.

"బండి ఇయ్యలేను సార్" అన్నాడు కుప్పుస్వామి, గేటు మీది తుప్పు వైపు చూస్తూ. "ఇంకొకాయన ఎక్కువకు అడిగినాడని కాదు. మీ ఇంట్లో ఏటిసూతకం ఉండాదంట కదా. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరక్కముందే కొత్తగా బండి తెస్తే, తోలేటాయనకు మంచిది కాదు. తెలిసి తెలిసి మీకు కీడు చెయ్యలేను."

తులసీరాంకు ఒక నిమిషం అర్థం కాలేదు. భార్య ప్రసూనాంబ పోయింది నిరుటి వినాయక చవితికి ముందు. ఏడాది కర్మ ఈ వాకిట్లోనే, షామియానా వేసి జరిపించాడు. చుట్టాలందరూ వచ్చారు. మొదటి వరసలో, మొదటి ఆకు ముందు కూర్చుని, వడలు రెండోసారి అడిగి వేయించుకున్నవాడు ఆమె సొంత తమ్ముడు గోపీ.

"ఏడాది తిరిగి రెండు నెలలాయె సార్. ఎవరు చెప్పినారు మీకు?"

కుప్పుస్వామి తల ఎత్తాడు. "మీ బావమరిదే. నిన్న సాయంత్రం మా గిరింపేటకు వచ్చి చెప్పి పాయ."

తులసీరాం చిత్తూరులో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. పాఠాలు చెప్పినన్నాళ్లూ గొంతు పెంచింది తక్కువ. కోపం వస్తే ఏం చేయాలో ఆయనకు సరిగా అలవాటు లేదు. చెవులు వేడెక్కాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గేటు కమ్మీలు పట్టుకున్నాడు. నేనొక్కడినీ ఏదైనా నిర్ణయించుకోకూడదా? భార్య పోతే మగవాడికి బుద్ధి కూడా పోతుందనుకుంటారా వీళ్లు? అన్నిటికన్నా, చెప్పడానికి ఇంకే అబద్ధమూ దొరకలేదా వాడికి?

కారు ఆయన సరదాకు కొనడం లేదు. ప్రసూన తల్లి నాగరత్నమ్మ కూతురు పోయాక కూడా అల్లుడి దగ్గరే ఉండిపోయింది. అల్లుడు పొమ్మనలేదు, కొడుకు రమ్మనలేదు. వానలు మొదలైనప్పుడు ఆమె పెరట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి వద్దు, పుత్తూరు కట్టే కట్టించమంది. అక్కడ ఆకు మందూ కోడిగుడ్డు సొనా పట్టించి, వెదురుబద్దలు పెట్టి కట్టారు. ఆ కట్టు కట్టినాయన చేతులు ఎంత మెత్తగా పనిచేశాయంటే, ఆమె కట్టించుకుంటున్నంతసేపూ ఆయన పిల్లల గురించి అడుగుతూనే ఉంది. ఏడుపంతా దారిలోనే. ప్రతి శనివారం కట్టు మార్చుకోవడానికి పుత్తూరు పోవాలి. ఆటోలో ప్రతి గతుక్కూ ఆమె పెదవి కొరుక్కుంటుంది. స్పీడుబ్రేకర్ వస్తోందంటే ముందే కళ్లు మూసుకుంటుంది. బాడుగ కార్లలో సీటు చాలక కాలు మడవాల్సి వస్తుంది.

అందుకే తిరుపతి పాతకార్ల మేళాకు ఆమెను కూడా తీసుకుపోయాడు. చూసిన ప్రతి కారులోనూ ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి, కాలు చాపించి, మైదానం చుట్టూ ఒకసారి తోలి చూశాడు. అమ్మేవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఒకడైతే, "కొనేది నువ్వా, అవ్వనా?" అని పైకే అడిగాడు. ఏ బండీ ఆమెకు కుదరలేదు. చివరికి గిరింపేటలో, రాత్రిపూట కళ్లు కనబడటం లేదని కుప్పుస్వామి అమ్మకానికి పెట్టిన ఈ పుంటో, ఇటలీ కంపెనీ ఎర్రకారు, దొరికింది. పన్నెండేళ్ల పాతది, ధర తనకు అందేది. అందులోనూ ఆమెను వెనక కూర్చోబెట్టి తోలి చూశాడు. సందు మలుపు తిరిగేసరికి వెనక మాటలు ఆగిపోయాయి. ఏమైందోనని అద్దంలో చూస్తే నాగరత్నమ్మ నిద్రపోతోంది. ఆ కాలు విరిగాక పగటిపూట ఆమె కన్ను మూయడం ఆయన చూడటం అదే మొదలు. ఇంకేమీ ఆలోచించకుండా ఆకూవక్కా ఇచ్చేశాడు.

ఊళ్లో మాత్రం నవ్వనివాడు లేడు. ఇటలీ కారా, ఆ కంపెనీ మన దేశంలో అమ్మకాలు మానుకుని ఎన్నేళ్లయింది, అన్నారు. వస్తువు పాతదైతే చాలు, దాన్ని చూసి నవ్వే హక్కు దారినపోయేవాళ్లకు కూడా వచ్చేస్తుంది. నవ్వనీ అనుకున్నాడు తులసీరాం. కానీ ఇది నవ్వు కాదు.

ఫోను తీసి గోపీని రమ్మన్నాడు.

గోపీ రోడ్డు కాంట్రాక్టులు చేస్తాడు. వాడి తెల్లబండి సందులో సగం ఆక్రమించి, ఎర్రకారు నెత్తిమీదికి వంగినట్టు వచ్చి ఆగింది. ఇస్త్రీ చేసిన తెల్లప్యాంటుతో, నల్లకళ్లద్దాలతో దిగాడు. కుప్పుస్వామిని చూసి కళ్లద్దాలు తియ్యలేదు.

"ఏంది బావా, అంత అర్జంటు?"

"మీ అక్క పోయి ఏడాది కాలేదని ఈయనకు చెప్పినావా?"

"యాడ చెప్పినాను? బండి ఎట్లుండాదో చూద్దామని పొయ్యినాను, అంతే."

"చెప్పినావు కదప్పా" అన్నాడు కుప్పుస్వామి నెమ్మదిగా. "మా వాకిట్లో కుర్చీ వేసుకోని కూర్చోని."

"పెద్దాయనకు ఇంకో బేరం తగిలుంటాది బావా. నెపం నా మీద పెడతా ఉండాడు. మంచిదే గదా, వదిలెయ్. అద్దం పగిలితే ఇటలీకి పోవాల ఆ డొక్కు కోసం."

"పన్నెండేండ్లలో అద్దం పగల్లేదు నాయనా. పగిలితే వేలూరులో దొరుకుతాది." కుప్పుస్వామి పళ్లెం గేటు దిమ్మె మీద పెట్టాడు. "బేరానికి మాట మార్చేవాడినని ఇంతవరకూ ఎవురూ అనలా నన్ను. కాణిపాకం పోదాం పద. ఆయన ముందర చెప్పు."

చిత్తూరు చుట్టుపక్కల ఆ మాట ఊరికే అనరు. ఒకరి మాటకు ఇంకొకరి మాట అడ్డం వచ్చి, సాక్షి లేనప్పుడు, కాణిపాకం పోయి స్నానం చేసి తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేస్తారు. అక్కడ అబద్ధమాడే ధైర్యం ఎవరికీ ఉండదు. అప్పులెగ్గొట్టినవాళ్లూ, గట్లు జరిపినవాళ్లూ చాలామంది ఆ పేరు విన్నచోటే దారికి వచ్చేస్తారు.

"దీనికంతా దేవుడెందుకు సామీ" అన్నాడు గోపీ.

లోపల మంచం మీద నుంచి నాగరత్నమ్మ గొంతు వినిపించింది. "పదండి. నేనూ వస్తా."

"నీకెందుకమ్మా ఈ ఎండలో?"

"నా బిడ్డ సావు మీద ప్రమాణమంటే నేను ఇనొద్దా? అల్లుడూ, చెయ్యి ఇయ్యి."

గోపీకి ఇక వెనక్కి పోవడానికి దారి లేదు. "సరే, నా బండిలో పోదాం" అన్నాడు.

అల్లుడి భుజమూ కొడుకు భుజమూ పట్టుకుని గేటు దాకా వచ్చిన నాగరత్నమ్మ, ఆ తెల్లబండి మెట్టు వైపు ఒకసారి, కొడుకు మొహం వైపు ఒకసారి చూసింది. "ఆ మేడ నేనెట్ల ఎక్కేది రా? నిచ్చెన తెచ్చినావా?"

"మీరే తోలండి సార్" అని కుప్పుస్వామి తాళాలు తులసీరాం చేతిలో పెట్టి, తను ముందు సీట్లో కూర్చున్నాడు. తులసీరాం మీద ఆ పాటి నమ్మకం ఆ పొద్దు ఇంకెవరూ చూపలేదు. వెనక నాగరత్నమ్మ తలుపుకు దిండు ఆనించుకుని అడ్డంగా చేరబడింది. కట్టుకాలు చాపడానికి మిగిలిన చోటు ఒక్కటే, గోపీ ఒడి.

"మెల్లగా పట్టుకోరా. అది గుమ్మడికాయ కాదు."

గోపీ రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. కట్టులోంచి ఆకు మందు పసరు వాసన కారంతా నిండింది. పచ్చటి మరక తెల్లప్యాంటు మీదికి మెల్లగా దిగింది. తలుపులు ధన్‌మని బరువుగా మూసుకున్నాయి.

కారు ఊరు దాటింది. తులసీరాం కోపమంతా స్టీరింగు పట్టుకున్న వేళ్లలో ఉంది. అద్దంలో గోపీ కనిపించినప్పుడల్లా, అడగాల్సిన మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ గొంతు దాకా వచ్చి ఆగిపోతున్నాయి. కాలు విరిగిందని చెప్పిన రోజు వీడు పళ్లబుట్ట పంపాడు. తర్వాత ఒక్క శనివారం కూడా రాలేదు. రాకపోతే పోయె. తెచ్చుకుంటున్న బండినెందుకు ఆపాలి?

మొదటి స్పీడుబ్రేకర్ వచ్చింది. అలవాటుగా ఆయన వెన్ను బిగుసుకుంది. కారు ఎక్కి దిగింది. వెనక మూలుగు లేదు. రెండోది కూడా దాటింది. మామిడితోటల మలుపులో రోడ్డు చెడిపోయి ఉంది. అది గోపీ వేయించిన రోడ్డేనని కారులో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఆ గతుకుల్లో ఉండగానే సన్నటి గురక మొదలైంది. కుప్పుస్వామి వెనక్కి తిరిగి చూసి, తులసీరాం వైపు చూసి, పిల్లవాడికి మార్కులు వచ్చినప్పుడు తండ్రి నవ్వినట్టు నవ్వాడు.

"నిద్రపోయింది" అన్నాడు గోపీ. వాడి గొంతు మారిపోయింది. నిద్రలో ఆమె పాదం వాడి మోచేతి మీదికి ఒరిగింది. కాసేపు వాడు అటూ ఇటూ కదలకుండా కూర్చున్నాడు. ఆమెకు ఎండ తగలకుండా ఒక చెయ్యి అద్దానికి అడ్డం పెట్టాడు. దూరంగా కాణిపాకం ఆర్చి కనిపించింది.

"బావా, బండి ఆపు."

తులసీరాం ఆపలేదు. నెమ్మది చేశాడు.

"నేనే చెప్పినాను."

కుప్పుస్వామి మొహం తిప్పుకుని, పక్కనున్న చెరకుతోటను ఏదో కొనబోయేవాడిలా శ్రద్ధగా చూడసాగాడు. ఆ మర్యాద తులసీరాంకు తెలిసింది. తనకు మాత్రం అంత మర్యాద చేతకాలేదు. బండి రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"ఎందుకు చెప్పినావు?"

"ఆటోలో పోతా ఉంటే నాకు తెలీనట్టే ఉండొచ్చు. నువ్వు కారు కొంటే ఊరంతా అడుగుతారు బావా. కొడుక్కు అంత పెద్ద బండి ఉండాది, అమ్మను మాత్రం అల్లుడు పాతకారులో పుత్తూరుకు తిప్పుతా ఉండాడని. నా మొహం యాడ పెట్టుకోవాల?"

"ఆటోలో ఆమె ఏడిస్తే పర్వాలేదు. నీ మొహం బాగుంటే చాలు."

గోపీ ఒడిలోని కట్టుకాలు వైపు చూశాడు.

"నన్ను ముసలోడన్నా ఊరుకుందును" అన్నాడు తులసీరాం. ఆయన గొంతు తగ్గే ఉంది, కానీ ప్రతి మాటా విడివిడిగా పడుతోంది. "కారు డొక్కు అన్నావు, ఊరుకున్నా. మీ అక్క పోయింది. నీళ్లు వదిలినాం, ఏడాది పెట్టినాం, పంపించినాం. ఆ మనిషిని మళ్లీ లాక్కొచ్చి నీ పరువుకు కాపలా నిలబెడతావా? బతికుంటే ఈ కారు దగ్గరికి అందరికన్నా ముందు వచ్చేది ఆమె. వాళ్లమ్మను ఎక్కించేదానికి."

చెరకుతోటలో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మకు చెప్పొద్దు బావా."

"నేను చెప్పను" అన్నాడు తులసీరాం. "నువ్వు చెప్తావు."

బండి ఆగిన నిశ్శబ్దానికి నాగరత్నమ్మకు మెలకువ వచ్చింది. కళ్లు నులుముకుని బయటికి చూసింది. "అప్పుడే వచ్చేసినామా? రోడ్డు కొత్తగా ఏసినారా ఏంది?"

"లేదమ్మా" అన్నాడు గోపీ. "నేనేసిన రోడ్డే." ఆమె కాలి కింద చెయ్యి సరిచేశాడు. "నేనే అబద్ధం చెప్పినానమ్మా, ఆయనకు. అక్క పేరు పెట్టి."

ఆమె కొడుకు మొహం వైపు చూసింది. తర్వాత వాడి ప్యాంటు మీది పచ్చమరకను చూసింది. కాలు మాత్రం తీసుకోలేదు.

"కుప్పుస్వామన్నకు చెప్పు" అంది. "ఆయన్ను గదా అబద్ధాలోడంటివి."

గోపీ చెప్పాడు. కుప్పుస్వామి చెరకుతోట మీద నుంచి చూపు తిప్పకుండానే తలూపి, "ఏడాది తిరిగిందా లేదా, అది చెప్పు నాయనా. నాకు అదొకటే కావాల" అన్నాడు.

"తిరిగింది. నేనే భోంచేసినా."

"రెండోతూరి వడలు కూడా" అన్నాడు తులసీరాం. ఆ ముక్క లోపల దాచుకోవడం ఆయనకు సాధ్యపడలేదు.

ఇంతదూరం వచ్చి వెనక్కి తిరగడమెందుకని కుప్పుస్వామి గుడి దాకా పోదామన్నాడు. అక్కడ కొత్త తమలపాకులు కొని, ఈసారి ఆయనే తులసీరాం చేతిలో పెట్టాడు. కారుకు పసుపూ కుంకుమా పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగింది గోపీయే. ఎవరూ చెప్పకుండానే వంగాడని తులసీరాం గమనించాడు. కోపం మాత్రం ఆయనకు పోలేదు. పోవాలని ఆయన కూడా తొందరపడలేదు.

తిరుగు ప్రయాణానికి గోపీ ముందు తలుపు తీయబోయాడు.

"వెనక" అన్నాడు తులసీరాం.

గోపీ పోయి వెనక కూర్చుని, అమ్మ కాలు ఒడిలోకి తీసుకున్నాడు. ఈసారి ఎలా పట్టుకోవాలో ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది. నిమ్మకాయలు చిట్లిన వాసన మధ్య కారు కదిలింది.

ఇంటి ముందు దిగాక, తెల్లబండి తాళాల కోసం జేబు తడుముకుంటున్న గోపీని తులసీరాం ఆపాడు.

"శనివారం పుత్తూరు పోవాల. పొద్దున్నే వచ్చెయ్యి."

"నా బండి..."

"నీ బండి ఇంట్లో పెట్టి రా" అన్నాడు తులసీరాం. "తెల్లప్యాంటు కూడా."