ఆఫ్రికా సార్

చందూలాల్ సార్ బ్లేడుతో కుట్టుదారం తెంపి పాత జవాబు పత్రాలను ఒక్కొక్కటిగా విడదీస్తున్నాడు. ఒకవైపు ఎవరో విద్యార్థి పానిపట్టు యుద్ధం గురించి రాసిన పది వాక్యాలు, వాటి మీద ఎర్రసిరా గీతలు, మూలన మూడు మార్కులు. రెండోవైపు తెల్లగా ఉంది. ఆయనకు కావలసింది ఆ తెల్లటి వైపే. అరచేత్తో మడత సాపు చేసి, రుమాలుతో దుమ్ము తుడిచి, సన్నటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు. రాసిన కాగితాన్ని ఎర్రసిరా వైపు పైకి వచ్చేలా బోర్లించి పెడతాడు. తన అక్షరాల మీద దుమ్ము పడకూడదని ఆ జాగ్రత్త. ఇరవై ఆరేళ్లుగా అదే పద్ధతి.

జనగామ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్‌కు తెల్లకాగితాలు కొనే తాహతు లేక కాదు. గూడూరు దగ్గరి తండాలో, పలక పగిలితే పెంకుముక్క మీద అక్షరాలు దిద్దుకున్న మనిషి. ఖాళీ కాగితం పారేయాలంటే ఆయనకు చెయ్యి రాదు. పొట్టి మనిషి. పుస్తకాల సంచి మోసీ మోసీ కుడిభుజం కిందికి జారింది. సుద్దముక్క పట్టుకునే రెండు వేళ్లూ చివర్లు పగిలి ఉంటాయి.

మొదటి ఉద్యోగం మహబూబాబాద్‌లో. అక్కడ స్టేషన్లో ఉంగరాల జుట్టున్న నల్లటి హమాలీని కాలేజీ పిల్లలు ఏడిపిస్తుంటే వాళ్లను తరిమేసి, మీది ఏ ఊరని అడిగాడు. "మాకేమెర్క సారూ? మా తాతలను ఓడల తెచ్చిన్రట. నిజాం గుర్రాలను జూస్కున్నరట," అన్నాడు హమాలీ. ఆ ఒక్క మాట చందూలాల్ జీవితాన్ని తినేసింది. ఆఫ్రికా నుంచి దక్కనుకు వచ్చి, నిజాం రాజ్యం పోయాక ఊళ్లలోకి చెదిరిపోయిన హబ్షీ కుటుంబాలను వెతుక్కుంటూ ఆదివారాలన్నీ సైకిల్ తొక్కాడు. భూపాలపల్లికి బదిలీ చేస్తే బొగ్గుగనుల కార్మికుల్లోనూ వెతికాడు. యూనివర్సిటీకి పంపిన పరిశోధన అంశం రెండుసార్లు వెనక్కి వచ్చింది. "లంబాడోనికి ఆఫ్రికా ఎందుకయ్యా?" అని ఒక పెద్దమనిషి ఎదుటే నవ్వాడు. స్టాఫ్‌రూమ్‌లో ఆయన పేరు ఆఫ్రికా సార్. మొదట్లో బాధపడ్డాడు, తర్వాత పలకడం నేర్చుకున్నాడు.

జనగామలో జమీలా బీ దొరికింది. ఎనభైకి దగ్గరపడ్డ ఆ ముసలామె తన తాత సీదీ మబ్రూక్‌ను చిన్నతనంలో ఎవరు ఎత్తుకుపోయారో, ఏ ఓడ ఎక్కించారో, ఏ రేవులో దింపారో అన్నీ చెప్పింది. నాలుగేళ్లు, ప్రతి సోమవారం. "నేను జచ్చెలోపు మా తాత పేరు అచ్చుల జూపియ్యి సారూ," అని చేతిలో చెయ్యి వేయించుకుంది. మొన్న ఎండాకాలం పక్షవాతం వచ్చి ఆమెకు మాట పడిపోయింది. అయినా సార్ సోమవారాలు మానలేదు. ఇక ఆమె చెప్పిందంతా ఈ కాగితాల్లోనే ఉంది. జిరాక్స్ తీయించుకోమని ఎవరన్నా అంటే, "పని పూర్తి కానియ్యి," అనేవాడు.

ఆ శనివారం కాలేజీలోని తన గదిలో పని పూర్తయింది. చివరి కాగితం బోర్లించి, రాసినవన్నీ నింపిన రెండు సంచుల మూతులూ దారంతో కట్టి బల్లకింద పెట్టాడు. సోమవారం టైపు చేయడానికి మనిషి వస్తానన్నాడు. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. కాలేజీలో పాఠాలు లేవు.

అటెండరు ఉప్పలయ్య గుమ్మంలోకి వచ్చాడు. "సార్, రోడ్డుమీద వంటావార్పు వెట్టినం. రాత్రి వానకు కట్టెలు నానినయి, పొయ్యి అంటుకుంటలేదు. పాత పేపర్లుంటె ఇయ్యున్రి జర."

"గా మూలకున్న సంచులల్ల ఉన్నయి, తీస్కపో. ఎర్రసిర దిద్దినయే తీస్కో, పైలం," అన్నాడు సార్.

ఇంకో మాట చెప్పేవాడేమో. ఇంతలో పక్క తండా సక్రి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. కూతురికి కాన్పు నొప్పులొస్తున్నాయని, దవాఖానలో కాగితాలు రాయమంటున్నారని, తనకు రాయరాదని తమ భాషలో చెప్పింది. తండాలవాళ్లకు అర్జీ రాయాలన్నా, ఆఫీసులో మాట్లాడాలన్నా ఆయనే దిక్కు. గది తాళం ఉప్పలయ్య చేతిలో పెట్టి ఆమె వెంట నడిచాడు.

మూడు గంటలు పట్టింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా బాగున్నారు. సక్రి ఆయన కాళ్లకు మొక్కబోతే వారించి, ఆకలితో నేరుగా హైవే మీదికి వచ్చాడు. టెంటు వేశారు, మైకు మోగుతోంది, పంక్తుల్లో జనం తింటున్నారు. సార్ కూడా కూర్చున్నాడు. వేడన్నం, పప్పు, వంకాయ కూర. పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషి ఆబగా తిన్నాడు.

"ఎట్లున్నది సార్ అన్నం?" అని ఉప్పలయ్య అడిగాడు.

"మస్తుగుడికింది."

"ఉడుకదా మరి? మీ రెండు సంచులు ఏసినంకనే మంటందుకున్నది."

సార్ చెయ్యి ఆగింది. "ఏ సంచులు?"

"బల్లకింద దారం గట్టినయి. మూలకున్నయి చెమ్మెక్కినయి సార్, అంటుకోలె. నేనూకె ఎయ్యలె. మీరు జెప్పినట్టే ఒక్కొక్క కట్ట ఇప్పి సూసిన. అన్నిటిమీద ఎర్రసిర ఉన్నది."

ఉప్పలయ్య ముఖంలో పని సక్రమంగా చేసిన సంతోషం ఉంది. సార్ ఎంగిలి చేత్తోనే లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. కాలిన కాగితం విరిగిపోకుండా ఉంటే దాని మీద అక్షరాలు కాసేపు కనిపిస్తాయి. ఒక నల్లటి రేకు మీద తన చేతిరాత కనిపించింది. చదవడానికి వంగాడు.

"జరుగు సారూ, కాల్తది," అంటూ వంట చేస్తున్న సత్తమ్మ పొయ్యిలో బకెట్ నీళ్లు కుమ్మరించింది.

మైకులో విద్యార్థి నాయకుడు యుగేందర్ గొంతు చించుకుంటున్నాడు. "మన చరిత్రను మనకు గాకుండ చేసిన్రు! మన తాతల పేర్లు పుస్తకాలల్ల లేకుండ చేసిన్రు! గిప్పుడు మన చరిత్ర సారు రెండు ముక్కలు మాట్లాడ్తడు."

ఎవరో చెయ్యి పట్టి తీసుకెళ్లారు. మైకు చేతికిచ్చారు. "సీదీ మబ్రూక్ అని ఒకాయన ఉండె," అన్నాడు సార్. "ఆయనను చిన్నప్పుడు ఓడెక్కిచ్చిన్రు. ఆ ఓడ పేరు..." ఓడ పేరు గుర్తుకు రాలేదు. రాసిపెట్టాను కదా అనే ధీమాతో ఎన్నడూ గుర్తుపెట్టుకోలేదు. కళ్లు మూసుకుని వెతికాడు. రేవు పేరు కూడా రాలేదు.

"ఆఫ్రికా సారూ, జై తెలంగాణ అను!" అని జనంలోంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. "జై తెలంగాణ," అన్నాడు సార్. చప్పట్లు మోగాయి.

తిరిగి వచ్చి టెంటు గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. తిన్నాక కునుకు పట్టిందనుకున్నారు. సాయంత్రం జంపఖానాలు చుట్టేటప్పుడు ఉప్పలయ్య భుజం తడితే ఒళ్లు పక్కకు ఒరిగింది.

చచ్చాక ఆయనకు కొరత లేకుండా చేశారు. ట్రాక్టర్ మీద ఊరేగించారు. ఉద్యమ వేదిక మీదే ప్రాణం వదిలాడు కాబట్టి అమరుడన్నారు. ప్రొఫెసర్ చందూలాల్, తెలుగు శాఖ, అని ఫ్లెక్సీ కట్టారు. తప్పును ఎవరూ పట్టించుకోలేదు. భార్య తుల్సీబాయిని మైకు ముందు నిలబెట్టి మాట్లాడమంటే, "ఆయన ఏం రాస్తున్నడో నేనెన్నడడుగలే," అని ఏడ్చింది. అందరికంటే గట్టిగా ఏడ్చింది ఉప్పలయ్య. మర్నాడు సార్ మీద గౌరవంతో ఆ గదిని మూలమూలలా ఊడ్చి, మిగిలిన చెత్తంతా పారబోశాడు.

జమీలా బీకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తెలియదు. సోమవారం పొద్దున్నే ఆమె బాగున్న ఎడమచేత్తో మంచంపట్టె మీద కొట్టడం మొదలుపెట్టింది. కోడలు విసుక్కుంటూ లేచి, సార్ వచ్చినప్పుడల్లా వేసే ప్లాస్టిక్ కుర్చీని వాకిట్లో వేసింది. మధ్యాహ్నం వాన పడింది. ముసలామె మంచం మీద నుంచి చూస్తూనే ఉంది, కుర్చీ గుంటలో నీళ్లు నిలిచాయి.