శుభం పిన్ని

తెర మీద చెప్పులు కుట్టేవాడు కొండ దిగుతున్నాడంటే ఇక చీపురు అందుకోవాల్సిన వేళయిందని ఆమెకు గుర్తు. పక్క తలుపు తోసుకుని లోపలికి వచ్చి, కర్టెన్ చాటున గోడకు ఆనుకుని నిలబడింది. తెర నిండా సాయంకాలపు ఎండ పరుచుకుని ఉంది. ఊరి పొలిమేరలో అతని భార్య ఎదురొచ్చింది. ఇద్దరూ ఒక్క మాటైనా అనుకోకుండా పక్కపక్కనే నడవసాగారు. మనుషులిద్దరు, నేల మీద పడిన నీడ మాత్రం ఒక్కటే.

ఈ సినిమా వచ్చిన కొత్తలో అది చూసి ఆమె కంగారుపడి మేడ మీదికి పరిగెత్తింది. "బాబూ, నీ మిషను ఒక నీడ మింగేస్తోంది, చూసుకో. మేనేజరు చూస్తే తిడతాడు," అంది. ఆపరేటరుకు తాగుతున్న టీ పొలమారింది. "ముందు నుంచి చూడు పిన్నీ, నీకే తెలుస్తుంది," అన్నాడు నవ్వు ఆపుకోలేక.

"ముందు నుంచి చూస్తూ కూర్చుంటే బాత్రూములు ఎవరు కడుగుతారు, నువ్వా?"

హాల్లో అందరూ ఆమెను శుభం పిన్ని అంటారు. సరిగ్గా శుభం పడే వేళకు చీపురుతో ప్రత్యక్షమవుతుందని ఎవరో ఎప్పుడో పెట్టిన పేరు అది. సినిమాల వాళ్లు శుభం కార్డు వేయడం మానేసి చాలా కాలమైనా ఆ పేరు మాత్రం మిగిలిపోయింది. పొట్టి మనిషి. వంగి ఊడ్చీ ఊడ్చీ నడుము ఎడమ పక్కకి కాస్త ఒరిగిపోయింది. అరచేతిలో చీపురు పట్టే చోట చర్మం చెక్కలా గట్టిపడింది. నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డసంచి వేలాడుతుంటుంది.

దీపాలు వెలిగాయి. జనం కళ్లు నులుముకుంటూ వెళ్లిపోయారు. ఆమె ముందు వరుస నుంచి మొదలుపెట్టింది. నేల తెర వైపుకి వాలుగా ఉంటుంది కాబట్టి పై వరుసల్లో జారినవన్నీ కిందికే చేరతాయి. ఊడ్చేటప్పుడు మనుషులు మరిచిపోయినవి దొరుకుతాయి. ఇవాళ ఒక పసిపిల్ల మేజోడు, ఒక కళ్లజోడు డబ్బా దొరికాయి. రెండూ సంచిలో వేసుకుంది. టికెట్ల గది వెనక చెక్క అరలో పెడితే, పోగొట్టుకున్నవాళ్లు వచ్చి అడుగుతారు. అడగకపోయినా ఆమె వాటిని పారేయదు. అరలో ఒంటి చెవిపోగులూ, పిడి విరిగిన గొడుగులూ దుమ్ము దులిపించుకుంటూ కాపురం చేస్తుంటాయి.

కాని ఇవాళ ఆమె మనసు పని మీద లేదు. చీపురు ఒక వైపు, చూపు గేటు వైపు. ఈ సినిమా ఆడేది ఇవాళే ఆఖరు. మధ్యాహ్నం ఆటకు ఆయన వస్తానన్నాడు. ఆయాసంతో నాలుగు అడుగులు వేయలేని మనిషి, వస్తాడో రాడో, వస్తే ఆఖరిదాకా కూర్చోగలడో లేదో.

ఆయన అంటే ఆమె భర్త. ఇదే హాల్లో గేటు దగ్గర టికెట్లు చించేవాడు. అందరికీ గేటు బాబాయ్. ఆలస్యంగా వచ్చినవాళ్లని టార్చి వేసి కూర్చోబెట్టేదాకా లోపలే ఉండేవాడు కాబట్టి ప్రతి సినిమాకీ మొదలు ఆయనకు తెలుసు. ఆ తర్వాత బండ్ల దగ్గర కాపలా. ఆమెకేమో చివర తెలుసు. ఆమె పనిలో చేరిన కొత్తలో, "మొదలు నాది, చివర నీది. మధ్యలోది ఇద్దరం కలిసి కనిపెడదామా?" అని అడిగాడు. వాళ్ల పెళ్లిచూపులు అంతే.

అప్పటినుంచీ రాత్రి కంచాల ముందు అదే పని. ఆయన సగం, ఆమె సగం చెప్పుకుని, మధ్య ముక్క కోసం పోట్లాడుకునేవారు. "అన్న చచ్చిపోయి ఉంటాడు, అందుకే తమ్ముడు గడ్డం పెంచాడు," అని ఆయన, "చచ్చినవాడు ఆఖర్లో పెళ్లి భోజనం ఎలా తిన్నాడయ్యా?" అని ఆమె. సెలవు రోజున ఇద్దరూ కూర్చుని ఒక సినిమా పూర్తిగా చూడొచ్చు కదా అంటే, మిఠాయి కొట్టువాడికి మిఠాయి మీద ఏం మోజు ఉంటుంది?

ఈ సినిమా సంగతి మాత్రం వేరు. ఇది పాత నవల. ఆయన చిన్నప్పుడు వాళ్లక్క రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని చదివి వినిపించేదట. నవల ఇంకా అయిపోకుండానే ఆమెకు పెళ్లయింది. పుస్తకం పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయింది. మిగతాది వచ్చినప్పుడు చదువుతానులేరా అంది. సంసారం చదవనివ్వలేదు. చివరికి అక్కా పోయింది. "కొనుక్కుని చదువుకోవచ్చుగా," అంటే, "అక్క గొంతు కూడా అమ్ముతారా కొట్లో?" అనేవాడు. సినిమా వచ్చిన రోజే ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు, దీని చివర మాత్రం చెప్పకూడదని, మొదలు తనూ చెప్పననీ. నెల తిరక్కుండానే కాళ్లు వాచాయి, ఆయాసం మొదలైంది. గుండె బాగా అలిసిపోయింది, నిలబడే పని వద్దు అన్నాడు డాక్టరు. గేటుకి కొత్త మనిషి వచ్చాడు. ఆయన ఇంట్లో మంచం మీద కూర్చుని, ఆమె రాగానే మొహం చూసేవాడు. ఆమె పెదాలు బిగించుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె దాచిన మాట అదొక్కటే.

ఆటో ఆగింది. ముందు ఒక చెప్పు, తర్వాత రెండో చెప్పు, ఆ తర్వాత చాలాసేపటికి మనిషి దిగాడు. ఉతికిన తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల. చెప్పులు అవే పాతవి, మడమ దగ్గర నల్లదారంతో తనే కుట్టుకున్నవి. ఆమె చీపురు గోడకి ఆనించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని ఆయన రెక్క పట్టుకుంది.

"ఏమయ్యా, పెళ్లికొడుకులా తయారయ్యావు?"

"మరి? పెళ్లాంతో మొదటి సినిమా," అన్నాడు ఆయాసపడుతూనే.

కొత్త గేటు మనిషి టికెట్లు తీసుకుని పరపరా చింపబోయాడు. ఆయన చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "ఆగవయ్యా బాబూ! కోడి ఈకలు పీకినట్టు పీకుతావేంటి? ముందు మడత పెట్టాలి. గోరుతో ఒక్కసారి రాసి, అప్పుడు చించాలి. ఇదిగో, ఇలా."

"వచ్చినవాళ్లంతా తోసుకుంటుంటే గోరుతో ఎక్కడ రాసేది బాబాయ్?"

"తోసుకోనీ. సినిమా మొదలయ్యేది తెర మీద కాదు, నీ చేతిలో."

తన టికెట్లు తనే చించుకుని, సగాలు అలవాటుగా గేటు డబ్బాలో వేసి, మిగతావి ఆమె చేతిలో పెట్టాడు. మేనేజరు వెనక వరుసలో చివరి రెండు సీట్లు ఇచ్చాడు. ఆట అయ్యాక హాలు ఊడ్చాలి కనుక చీపురు తలుపు పక్కనే ఉంచి ఆమె వచ్చి కూర్చుంది. కూర్చున్నా ఊరికే కదులుతూనే ఉంది. ఇన్నేళ్లూ తుడిచిన సీటు వీపుకి ఇంత మెత్తగా ఉంటుందని ఆమెకు తెలియదు.

ఆయన వాచిన పాదాలు చెప్పుల్లోంచి మెల్లగా బయటికి తీసి చల్లటి నేల మీద ఆనించాడు. "హమ్మయ్య," అన్నాడు.

దీపాలు ఆరాయి. మొదలు ఆయనకు కంఠతా వచ్చు. తెర మీద మాట రాకముందే ఆమె చెవిలో చెప్పేస్తున్నాడు. నిప్పులు చెరిగే ఎండల దేశం. అక్కడి ముసలి రాణికి ఎండంటే భయం. జనం నీడలు ఒక్కొక్కటే కత్తిరించి తెప్పించి, వాటితో కోట కట్టించుకుంటుంది. నీడ పోయినవాళ్లు రోజురోజుకీ తమ మనుషుల్ని మరిచిపోతారు. తల్లి బిడ్డను చూసి ఎవరి బిడ్డ అని అడుగుతుంది. ఆ ఊళ్లో చెప్పులు కుట్టే అతని భార్య ఒక పొద్దున భర్తకి నీళ్లందిస్తూ, "అయ్యా, మీరెవరింటికి వచ్చారు?" అంటుంది. పిన్ని గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓరి దేవుడా, ఇదా కథ! నేను మిషనుది తప్పనుకున్నాను," అంది.

"ఏది తప్పు?"

"ఏం లేదు. నువ్వు చూడు."

మధ్య భాగం ఇద్దరికీ కొత్త. నీడల కోసం బయలుదేరిన చెప్పులు కుట్టేవాడి దారికి ఇసుక కొండలు నడిచి వచ్చి అడ్డం పడ్డాయి. రెక్కలున్న ఏనుగులు మబ్బుల్ని తొండంతో పిండి నీళ్లు తాగాయి. "అక్క చదివినప్పుడు నేననుకున్న ఏనుగు ఇంతకంటే పెద్దది," అని గొణిగాడు ఆయన. కానీ కోట కనిపించినప్పుడు మాత్రం సీట్లో ముందుకి వంగాడు. ఆ కోటకి రాళ్లు లేవు. గోడల నిండా ఒకదాని మీద ఒకటి పేర్చిన మనుషుల నీడలే. తట్ట మోసేవాళ్లవి, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లవి, కర్ర పట్టుకున్న ముసలివాళ్లవి. గాలి వీస్తే గోడ మొత్తం ఊపిరి పీల్చినట్టు కదిలింది. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ తలుపవతల బక్కెట్టు పట్టుకుని ఈ సంగీతమే వింది. ఇంత దుఃఖం మీద వచ్చే పాట అనుకోలేదు.

చెప్పులు కుట్టేవాడు ఒక్కొక్క నీడనీ కుట్లు విప్పినట్టు విప్పి మూట కట్టుకున్నాడు. కోట మాయమైంది. ముసలి రాణి మండే ఎండలో, ఉత్త నేల మీద, ముడుచుకుని కూర్చుంది. అతను వెళ్లబోతూ వెనక్కి తిరిగి చూశాడు. చూసి వెళ్లలేకపోయాడు. తన నీడ తనే కత్తిరించి ఆమె మీద కప్పాడు.

"ఎండలో కాళ్లు కాలడం తెలిసినవాడు మరి," అన్నాడు ఆయన. "ఇక్కడే... ఇక్కడే ఆపేసింది అక్క. ఇప్పుడు వాడికి నీడ లేదు. పెళ్లాన్ని మర్చిపోతాడు కదే?"

"చూడు, వస్తుంది."

కాసేపటికి ఆయన తల ఆమె భుజం మీద వాలింది. ఊపిరి పైపైన ఆడుతోంది. నుదురు చల్లగా చెమట పట్టింది.

"ఏమయ్యా, బయటికి వెళ్దామా? డాక్టరు దగ్గరికి..."

"వద్దు. కళ్లు మూతలు పడుతున్నాయి, అంతే. ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే. నువ్వే చెప్పు. ఎప్పుడూ నువ్వేగా చెప్పేది."

ఆమె తెర వైపు చూసింది. కొండ ఇంకా రాలేదు. ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, చెవి దగ్గర మెల్లగా చెప్పింది. "కొండ దిగి వస్తాడు. సాయంత్రమవుతుంది. పొలిమేరలో పెళ్లాం ఎదురొస్తుంది. ఆమె నీడ ఆమెకి వచ్చేసింది. ఆమెకు అన్నీ గుర్తే. అతనికే ఏదీ గుర్తులేదు. అయినా ఆమె ఏమీ అడగదు. పక్కన చేరి నడుస్తుంది. ఆమె నీడలోనే ఇద్దరూ ఇంటికి వెళ్తారు."

"ఒక్క నీడ చాలుతుందంటావా ఇద్దరికీ?"

"చాలుతుంది. రోజూ చూస్తున్నాను కదా, నాకు తెలీదా?"

ఆయన నవ్వాడు. "అక్కకి ఇది తెలిసే ఉంటుంది," అన్నాడు. తర్వాత ఇంకేమీ అనలేదు.

కొండ వచ్చింది. ఎండ వచ్చింది. ఇద్దరు మనుషులు ఒక్క నీడతో ఇంటివైపు నడిచారు. ఎన్నోసార్లు గోడకు ఆనుకుని చూసిన ముక్కే. ఈసారి ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది, సంతోషంగా.

దీపాలు వెలగగానే, అలవాటు ఊరుకోనివ్వదు కదా, లేచి నిలబడింది. ఆయన తలను మెల్లగా సీటుకి ఆనించింది. మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. హాయిగా నిద్రపోతున్నాడు, పోనీ పాపం అనుకుంది. జనం వెళ్లాక ఆపరేటరు పెద్ద దీపాలు ఆపేసి, పక్క గోడన ఉండే ఊడ్పు దీపం ఒక్కటే ఉంచాడు. ఆయన లేవకుండా, దుమ్ము రేగకుండా, చీపురు ఆనించీ ఆనించనట్టు ముందు వరుస నుంచి ఊడ్చుకుంటూ వచ్చింది.

మధ్య వరుసలో చీపురుకి ఏదో తగిలింది. వాలులో జారిందో, వెళ్లేవాళ్ల కాలు తగిలి దొర్లిందో, ఒక చెప్పు. అలవాటుగా సంచిలో వేసుకోబోయి ఆగింది. మడమ దగ్గర నల్లదారం.

"బాగుంది. సినిమా చూడమంటే చెప్పులు పారేసుకున్నాడు మహారాజు," అని తనలో తను నవ్వుకుంటూ మెట్లెక్కింది. ఆయన ముందు గొంతుక్కూర్చుని, చెప్పు తొడుగుదామని పాదం చేతిలోకి తీసుకుంది.

పాదం నేలకన్నా చల్లగా ఉంది.

ఆమె కేకలు పెట్టలేదు. రెండు చేతులతో పాదాన్ని చాలాసేపు రుద్దింది. తర్వాత చెప్పు తొడిగింది. కింద తలుపు దగ్గర నిలబడ్డ కొత్త గేటు మనిషిని పిలిచి, "నాయనా, ఇప్పుడప్పుడే గేటు తీయకు. మీ బాబాయ్ సినిమా అయిపోయింది," అంది.

ఆపరేటరూ, మేనేజరూ, గేటు మనిషీ కలిసి ఆయన్ని ఎత్తుకున్నారు. ఆమె పక్కనే, ఆయన చెయ్యి వదలకుండా నడిచింది. చీపురు మెట్ల మీదే ఉండిపోయింది. వెనక వరుసలో, చివరి సీటు కింద, రెండో చెప్పు అలాగే ఉంది. ఊడ్పు దీపం వెలుగులో దాని పక్కనే, జతలో రెండోదానిలా, దాని నీడ.