ఊపిరి జల్లెడ

ఇలా రండి, ఇంకొంచెం దగ్గరగా జరగండి. ఫ్యాను చప్పుడుకి నా గొంతు వినపడదు. కాళ్ళు అటు చాపకండి, అటు బుద్ధుడి బొమ్మ ఉంది, మడిచి పక్కకి పెట్టుకోండి. ఆఁ, అలా. కేవ్‌మా సంగతి చెబుతాను. పెద్ద సంగతేమీ కాదు. ఒక ఆడమనిషి, ఒక యంత్రం, రూపాయి బిళ్ళంత జల్లెడ. వినండి.

ఒక పొద్దున కేవ్‌మా యంత్రం మీది గిన్నె మూత తిప్పి తీసింది. మా లంపాంగ్ ఊళ్ళో వాంగ్ నది ఒడ్డున ఉన్న మా గుడి ఆవరణలోనే ఆ మూలికల వైద్యశాల. అందులో కిటికీ పక్క బల్ల మీద ఆ యంత్రం. అన్నం కుక్కరంత ఉంటుంది. కింద వేడి, పైన చిన్న గిన్నె, గిన్నెలో ఎండిన మూలికలు. కింది నుంచి వేడిగాలి మూలికల్లో దూరి పైకి పోతుంది. మూలిక మాడదు, పొగ రాదు, దాని సారం మాత్రం ఆవిరై పైనున్న పల్చటి సంచిలోకి చేరుతుంది. సంచి నెమ్మదిగా లేచి నిలబడుతుంది. ఊపిరి ఆడనివాళ్ళు ఆ సంచి మూతికి నోరు ఆనించి పీలుస్తారు. నోరు తీయగానే ఆ మూతి దానంతట అదే బిగుసుకుంటుంది.

గిన్నెకి అడుగున ఒక జల్లెడ, పైన ఒక జల్లెడ. ఉక్కు తీగతో అల్లినవి, వెంట్రుక కూడా దూరదేమో అనిపించేంత సన్నటి కన్నాలు. వాటిని చూసుకోవడమే కేవ్‌మా పని. సాయంత్రం గిన్నె గోరువెచ్చగా ఉన్నప్పుడే వెదురుపుల్లతో నెట్టి బయటికి తీస్తుంది. చల్లబడితే మూలికల జిగురు పట్టేసి ఊడిరాదు. ముందు పొడి బ్రష్షుతో దులుపుతుంది. తర్వాత మూత ఉన్న గాజుసీసాలో స్పిరిటు పోసి అందులో వేసి ఊపుతుంది. స్పిరిటు తాటిబెల్లం రంగుకి తిరుగుతుంది. వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటుంది. ఒక్క కన్నం మూసుకున్నా ఆమెకి తెలిసిపోతుంది. పెళ్ళయిన కొత్తలోనే సంతలో బియ్యప్పిండి సేమ్యాలు ఒత్తే పనిలో చేరింది, ఒత్తే రేకు కన్నాల్లో పిండి ఎక్కడ ఇరుక్కుందో చేత్తో తడిమి చెప్పగలిగేది.

అన్ని కన్నాలూ తెరుచుకున్న జల్లెడని వెలుగుకి పట్టినప్పుడు కేవ్‌మా కాసేపు పని మరిచిపోయేది. ఇన్ని గుమ్మాలా అనుకునేది. ఊళ్ళో ఎంతమంది ఊపిరి ఈ గుమ్మాలు దాటి పోతోందో అని ఆశ్చర్యపడేది. పాతబడి కుంగిన జల్లెడని చెత్తలో వేయడానికి ఆమెకి చెయ్యి రాదు. వైద్యగురువుకి పూజచేసే గురువారం దాకా దాచి, ఆ రోజు మల్లెలతో కలిపి మట్టిలో పెట్టేది.

నేను చెప్పే ఆ రోజు పున్నమి. గుడికి పండగలాంటి రోజు. ముందురోజు మోకాలు నొప్పని కేవ్‌మా తొందరగా ఇంటికి పోయింది, జల్లెడలు ఓరథై కడిగింది. ఓరథై మందులు పొట్లాలు కట్టే పిల్ల, కొత్తగా చేరింది. పళ్ళెంలో జల్లెడలు తళతళా మెరుస్తున్నాయి. కేవ్‌మా వాటిని గిన్నెలో అమర్చి, చెంచా వెనకభాగంతో అంచులు నొక్కింది. జలుబు పట్టకుండా ఆమె ముక్కులో ఎప్పుడూ దోపుకునే చిన్న కర్పూరపు గొట్టం ఆ పూటా ఉంది. అందుకే ఏ వాసనా తెలియలేదు.

మొదట వచ్చింది కొబ్బరిబూరెలు అమ్మే ముసలామె. సంచి ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

"ఈ పూట మందు భలే ఉందే కేవ్‌మా. ఇంకో సంచి పట్టు."

"ఒకటి చాలు. నీకు రోగం తగ్గాలా, సరదా తీరాలా?"

"రెండూ తీరితే నీ సొమ్మేం పోయింది?" అని నవ్వుకుంటూ పోయింది.

ఆ తర్వాత లువాంగ్ తా ఖమ్‌పన్ వచ్చారు. పెద్దవయసులో కాషాయం కట్టిన భిక్షువుని మేం లువాంగ్ తా అంటాం, భిక్షువైన తాత అని. పొద్దుటి భోజనం ముగించి, మెట్టుమెట్టుకీ ఆగుతూ వచ్చారు. జీవితమంతా కోతమిల్లులో టేకు దుంగలు కోసిన మనిషి. ఆ రంపపుపొట్టు ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. వానలు మొదలైనప్పటి నుంచి బుద్ధగుణాల పాఠం చివరిదాకా చదవలేకపోతున్నారు. సగంలో ఊపిరి తెగిపోతోంది. ఈ పున్నమికి మాత్రం ఒక్కసారైనా తెగకుండా చదివి, ఆ పుణ్యాన్ని ఒకరికి ధారపోయాలని పదిమందిలో చెప్పారు. ఎవరికని ఎవరూ అడగలేదు. కేవ్‌మా అసలే అడగలేదు.

అడక్కపోవడానికి కారణం ఉంది. కాషాయం కట్టకముందు ఆయన ఆమె మొగుడు.

తాగేవాడు. మిల్లు నుంచి కనురెప్పల నిండా రంపపుపొట్టుతో, ఒంటి నిండా సారా కంపుతో వచ్చి పడిపోయేవాడు. ఊపిరి ఆడుతోందో లేదో అని ఆమె పక్కన కూర్చుని వినేది. ఒకరోజు ఆయన తాగకుండా వచ్చి, నన్ను గుడికి వదిలిపెట్టు అన్నాడు. భార్య సరేననకపోతే గుడిలో తీసుకోరు. ఆమె సరేనంది. గుండు చేస్తున్నప్పుడు రాలిన జుట్టుని తామరాకులో పట్టుకుంది కూడా ఆమే. బరువు దించుకుని పారిపోయాడని సంతంతా అంది. ఆమె సేమ్యాలు ఒత్తుకుంటూ ఊరుకుంది. అప్పటి నుంచి ఆయన ఆమెని 'యోమ్' అని, గుడికి వచ్చే అందరు గృహస్థుల్ని పిలిచినట్టే పిలుస్తారు. తనని తాను 'ఆత్మ' అంటారు, మా భిక్షువులందరిలాగే. ఆడవాళ్ళ చేతి నుంచి భిక్షువు ఏదీ నేరుగా అందుకోకూడదు. అందుకని ఆయన ముందు పసుపు గుడ్డ పరిచి దాని అంచు పట్టుకుంటారు, ఆమె ఆ గుడ్డ మీద సంచి పెడుతుంది, ఆయన గుడ్డని తనవైపు లాక్కుంటారు. వాళ్ళిద్దరి మధ్యా ఇన్నేళ్ళుగా ఆ గుడ్డే.

ఆ పూట కూడా అలాగే లాక్కున్నారు. సంచి మూతి పెదాల దాకా తెచ్చి ఆగిపోయారు. మళ్ళీ గుడ్డ మీద పెట్టేశారు.

"యోమ్ కేవ్‌మా, ఈ వాసన ఆత్మకి పాత పరిచయమే. మళ్ళీ స్నేహం కలపకండి."

కేవ్‌మా ముక్కులోని గొట్టం తీసేసింది. అప్పుడు తెలిసింది. తియ్యగా, పులిసిన బియ్యపు సారా వాసన. ఒకప్పుడు మొగుడి వెంట రోజూ ఇంటికి వచ్చే ఆ వాసనే.

ఓరథై ఖాళీ స్పిరిటు సీసా ఎత్తి చూపింది. "స్పిరిటు అయిపోయింది పెద్దమ్మా. మా నాయన కుండలో సారా కూడా అలాంటిదే కదా అని తెచ్చి కడిగాను. బాగా మెరిశాయని సంతోషపడ్డాను కూడా."

పులిసిన సారాలో తీపి ఉంటుంది. అది తీగల మీద ఎండి, వేడికి కరిగి ఆవిరిలో కలిసింది. మందుతో పాటు పోతుందిలెమ్మని ఇంకెవరైనా పీల్చేస్తారు. వ్రతం పట్టిన ఆ మనిషి పీల్చరు. ఆయన ఎలాంటి వాసనని వదిలి ఇక్కడికొచ్చారో ఆ గదిలో కేవ్‌మా ఒక్కదానికే తెలుసు.

లోపలి గది నుంచి వైద్యుడు ఇన్‌తా వచ్చి లువాంగ్ తా గుండె మీద చెవి పెట్టాడు. "పెద్దాసుపత్రికి పోదాం, అక్కడ గాలి పెడతారు" అన్నాడు.

లువాంగ్ తా తల అడ్డంగా ఊపారు. "పాఠం ఇక్కడే చదువుతాను. కొంచెం గాలి చాలు." ఆ రెండు మాటలకే ఆయన పక్కటెముకలు ఎగిసిపడ్డాయి.

"గబగబా వేడినీళ్ళలో కడిగేస్తా పెద్దమ్మా" అంటూ ఓరథై గిన్నె మీద చెయ్యి వేసింది. కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏడవకు పిల్లా. చేతులు తడైతే జల్లెడ జారుతుంది. సబ్బుతో గిన్నె కడుగు, గిన్నె ఒక్కటే. ఆ వాసన కడిగితే ఇప్పుడే పోదు, కొత్త జల్లెడలు నేను వేస్తాను."

సొరుగులో కాగితం మడతలో చివరి జత ఉంది. అడుగుదాన్ని గిన్నెలో దింపి, చెంచాతో చుట్టూ నొక్కింది. అంచు కింద సందు ఉంటే మూలికల పొడి సంచిలోకి ఎగిరి దగ్గు రేపుతుంది. పైదాన్ని మూత లోపలి వలయం కింద అమర్చింది. అయితే కొత్త జల్లెడకి కార్ఖానా నూనె అంటుకుని ఉంటుంది. మూలికలు వేయకుండా ఉత్త యంత్రాన్ని వేడిచేసి ఆ నూనె పోగొట్టాలి. తొందరపడితే నూనె ఆవిరి ఆయన గొంతు పట్టేస్తుంది. ఆలస్యమైతే ఊపిరే ఆగిపోతుంది.

కేవ్‌మా యంత్రం మీట నొక్కి కూర్చుంది. యంత్రం గురగుర, ఆయన ఊపిరి ఈల. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, విన్నది. ఈల ఎక్కడ సన్నబడుతోందో, ఎక్కడ తెగి మళ్ళీ అతుక్కుంటోందో, పూర్వం మంచం పక్కన విన్నట్టే విన్నది. అరచెయ్యి యంత్రం పైన పట్టి వాసన చూసింది. ఇంకా నూనె. మళ్ళీ చూసింది. ఇంకా కొంచెం.

"తాతగారి పెదాలు నల్లబడుతున్నాయి పెద్దమ్మా" అని గుసగుసగా అంది ఓరథై.

"విన్నాను" అంది కేవ్‌మా. కదల్లేదు.

అరచేతికి చివరికి ఉత్త వేడి మాత్రమే తగిలింది. అప్పుడు మూలికలు వేసింది, కర్పూరపు ఆకు, అడవితులసి, కొండనిమ్మ తొక్క. సంచి లేచింది. ఆ ఆవిరి ఎలాంటిదంటారా? ఉందో లేదో కూడా తెలియనంత పల్చన. తెల్లారకముందు నది మీద నిలిచే మంచు లాంటిది. పసుపు గుడ్డ మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకుంది.

లువాంగ్ తా పీల్చారు. ఒకసారి, ఆగి ఇంకోసారి. పెదాల మీదికి రంగు నెమ్మదిగా తిరిగి వచ్చింది. సగం సంచి దగ్గర ఆపి, గుడ్డ మీద పెట్టి, చేతులు జోడించారు.

పాఠం మొదలైంది.

ఎప్పుడూ తెగే చోటు దగ్గరికి వచ్చేసరికి ఓరథై కళ్ళు మూసుకుంది. కేవ్‌మా మూసుకోలేదు. గొంతు కొంచెం వణికింది, దాటింది. మిల్లులో దుంగల మీద నిలబడి కేకలేసిన గొంతు అది, పీపాల సారా మింగిన గొంతు, ఇప్పుడు గిన్నెలో నీళ్ళంత తేటగా పలుకుతోంది. చివరి అక్షరం దాకా చదివారు. ఒక చిన్న చెంబులోని నీళ్ళని పళ్ళెంలోకి సన్నటి ధారగా వంచుతూ పుణ్యం ధారపోశారు. పేరు పలకలేదు. "గుమ్మం తెరిచి పంపినవాళ్ళకి" అని మాత్రం అన్నారు. ఇన్‌తా వైద్యుడు కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. కేవ్‌మా రెండు చేతులూ నుదుటికి ఎత్తి, అలాగే నేల దాకా వంగింది.

"మిగతాది కాసేపాగి పీలుస్తాను యోమ్" అన్నారు లువాంగ్ తా. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

కేవ్‌మా బల్ల దగ్గరికి పోయి మూలికల పొడి తుడుస్తోంది. గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది. వెదురుపుల్ల తీసుకుంది. పుల్ల చేతిలోనే ఆగిపోయింది. గదిలో ఈల లేదు.

ఆమె తిరిగి వచ్చి ఆయనకి చాపంత దూరంలో కూర్చుంది. అప్పుడు కూడా ముట్టుకోకూడదు కదా, ముట్టుకోలేదు. "ఇన్‌తా గారూ, ఇటు రండి" అంది, నీళ్ళు తెమ్మన్నంత మామూలుగా. వైద్యుడు మణికట్టు పట్టి చూసి, ఆ చేతిని మెల్లగా లువాంగ్ తా ఒడిలో పెట్టేశాడు. ఆయన ముఖం మీద ఒక్క ముడత కూడా బిగిసి లేదు. ఇంత తేలికగా పోవచ్చా మనిషి అని కేవ్‌మా చూస్తూ ఉండిపోయింది.

ఇదీ కేవ్‌మా కథ. గుర్తు పెట్టుకోండి, మీ ఇళ్ళలో చెప్పండి. ఎవరి గొప్పతనమూ కలపకండి, ఏదీ తగ్గించకండి. చెప్పేటప్పుడు ఇదొక్కటీ వదలకండి: మధ్యాహ్నం ఆయన్ని గుడిలోకి మోసుకుపోయాక, ఖాళీ గదిలో పసుపు గుడ్డ మీద, సగం ఆవిరి నింపుకుని, మూతి బిగిసి, ఆ సంచి ఇంకా నిలబడే ఉంది.