కుడి మడమ

శేషుకుమారి కొంగలా ఒంటికాలి మీద నిలబడి పప్పుకి పోపు పెడుతోంది. కుడి మడమ నేలకి తగిలితే చాలు, ప్రాణం పోయినంత పనవుతోంది. ఈ పరాయి దేశంలో, క్లేటన్ ఊళ్ళో యూనివర్సిటీకి వెళ్తూ కారు గుద్దుకుని ఐదు వారాలైంది. పొట్టకి ఆపరేషన్ చేశారు, మూడు పక్కటెముకలు విరిగాయన్నారు. మడమ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఎత్తలేదా, ఎత్తనివ్వలేదా? ఆసుపత్రిలో రెండో రోజు డాక్టరు, "ఇంకెక్కడైనా నొప్పుందా?" అని తననే అడిగాడు. మందుమత్తులో నాలుక కదిలేలోపే భర్త బాలమురళి, "నో నో, షి ఈజ్ ఫైన్" అనేశాడు. పెళ్ళైనప్పటి నుంచీ అంతే, అడిగేది ఆమెని, చెప్పేది ఆయన. ఇంటికొచ్చాక ఫోనులో అత్తగారు, "ఇంత గండం గడిచింది, ఇంకా మడమా గిడమా అంటావేంటమ్మా? ఉప్పు కాపడం పెట్టుకుని నడువు, అదే సర్దుకుంటుంది" అంది. కాపడం పెట్టుకుంది, నడిచింది, వండింది. బతికి బయటపడ్డదాన్ని, కాలినొప్పికి ఏడవడమేంటని సిగ్గుపడింది కూడా. ఎంత వెర్రితనం! చదివేది ఫిజియోథెరపీ. ఒళ్ళంతా దెబ్బలు తగిలినవాళ్ళకి పాదం ఆఖరున చూస్తారనీ, అలా వదిలేసిన మడమే జన్మంతా కుంటిస్తుందనీ పోయిన సెమిస్టర్ పరీక్షలో తనే రాసింది. వచ్చే సెమిస్టరంతా వార్డుల్లో నిలబడే పని. నిలబడలేకపోతే ఆ చదువు అక్కడితో సరి.

ఆ మధ్యాహ్నమే చెకప్.

"హౌ ఆర్ యూ ఫీలింగ్, శేషు?" అంది డాక్టరమ్మ.

"ఆల్ గుడ్ డాక్టర్! వంట కూడా చేస్తోంది" అన్నాడు బాలమురళి ఇంగ్లీషులో.

వంట చేస్తే ఆరోగ్యం ఉన్నట్టేనట! ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"మీరుండండి" అంది భర్తతో. డాక్టరువైపు తిరిగి, "నా ఒంటి సంగతి నేను చెప్తాను. కుడి మడమ. ఐదు వారాల నుంచీ. స్కాన్ తియ్యండి" అంది.

స్కాన్‌లో మడమ ఎముక పగిలి కనిపించింది. వంకరగా అతుక్కుంటోందట. సరిచేసే ఆపరేషన్ ఉందనీ, ఆ తర్వాత మూడు నెలలు ఆ కాలు నేల మీద మోపకూడదనీ చెప్పింది డాక్టరమ్మ.

"త్రీ మంత్సా!" బాలమురళి మొహం పాలిపోయింది. "మరి వంటా ఇల్లూ ఎలా శేషూ?"

"మీకు రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయిగా" అంది.