నా గుర్తుకు నాలుగు ఓట్లు

నేను ఒక కుట్టుమిషనుని. కరెంటుతో తిరిగే రకం కాదు, కాళ్ళతో తొక్కితే తిరిగే పాతకాలపు దాన్ని. ఉత్తరాదిన ఎక్కడో ఇనుము కరిగించి అచ్చులో పోసి నా ఒళ్ళు చేశారు. నల్లరంగు పూసి, మెడ మీద పచ్చటి తీగలు అద్దారు. చెక్కపెట్టెలో గడ్డి మధ్య పడుకుని రైల్లో వచ్చి, భీమవరంలో కాశిం సాయిబు అనే దర్జీ కొట్లో దిగాను.

కాశిం సాయిబు పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఎన్నికలొస్తే మాత్రం అతని కొట్టు జనంతో నిండిపోయేది. పొద్దున ఒక పార్టీవాళ్ళు జెండాల గుడ్డ పడేసి వెళ్ళేవారు. మధ్యాహ్నానికి రెండో పార్టీవాళ్ళు కండువాల తాను మోసుకొచ్చేవారు. గుమ్మంలో ఎదురుపడితే వాళ్ళూ వీళ్ళూ మొహాలు తిప్పుకునేవారు. లోపల వాళ్ళ జెండాలూ వీళ్ళ జెండాలూ ఒకదాని మీద ఒకటి పడుకునేవి. అన్నిటి అంచూ ఒకే తెల్లదారంతో కుట్టేదాన్ని. అప్పట్లో మనుషుల రాజకీయం చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రాదు.

సాయిబు కరెంటు మిషను కొనుక్కున్నాక నన్ను మంగతాయారుకు అమ్మేశాడు. ఆవిడది మొగలగరువు. ఊరి చుట్టూ ఒకప్పుడు వరిచేలు, ఇప్పుడు రొయ్యల చెరువులు. ఆవిడ భర్త ఏడుకొండలు ఆ చెరువుల్లో ఒకదానికి కాపలావాడు. తాయారు నన్ను వీధి వసారాలో వేసుకుంది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు కూర్చోవడానికి ఒక చాప పరిచింది. ఆ చాప మీద తెగని విషయం లేదు.

ఆ ఏడు పార్లమెంటుకీ అసెంబ్లీకీ ఒకేసారి ఎన్నికలొచ్చాయి. చాప మీద వాటికి వేరే పేర్లు పెట్టుకున్నారు. పార్లమెంటుది పెద్దోటు, అసెంబ్లీది చిన్నోటు. పెద్దోటు గురించి మాట్లాడేటప్పుడు అందరికీ గొంతు లేచేది. గ్యాసుబండ ధర నుంచి సరిహద్దులో సైన్యం దాకా తలొక తీర్పూ చెప్పేవారు. నాగరత్నం అనే ఆవిడ అయితే ఢిల్లీలో ఎవరు కూర్చోవాలో, ఎవరికి ఏ శాఖ ఇవ్వాలో కూడా తేల్చేసేది. చిన్నోటు మాట వచ్చేసరికి గొంతులు తగ్గేవి. ఎందుకంటే ఆ అభ్యర్థి మనుషులు అదే వీధిలో తిరుగుతూ ఉంటారు. ఢిల్లీ దూరం కాబట్టి ధైర్యం. నియోజకవర్గం దగ్గర కాబట్టి భయం.

అసలు బాధ మాత్రం దగ్గరిదే. చెరువుల ఉప్పు భూమిలోకి దిగి ఊళ్ళో బోర్లన్నీ చవిటెక్కాయి. ఆ నీళ్ళతో స్నానం చేస్తే పిల్లల ఒళ్ళు దద్దుర్లెక్కేది. అంగన్వాడీ టీచరు వీరవేణి ఆ నీళ్ళతోనే పిల్లలకు వండిపెట్టాల్సి వచ్చేది. చెరువుల యజమాని భాస్కరంగారి దగ్గరికీ, మండలాఫీసుకూ, జిల్లా ఆఫీసుకూ తిరిగి తిరిగి వచ్చి మా వసారాలో కూలబడేది. భాస్కరంగారు అధికార పార్టీ అభ్యర్థికి కుడిభుజం. ఎదుటి పార్టీ అభ్యర్థికి భాస్కరంగారి బావమరిది కుడిభుజం. చెరువులు ఇద్దరికీ ఉన్నాయి.

ఒకరోజు వేణి అలా కూర్చుని ఉండగా నా తొక్కుడు ఆపి తాయారే అంది. "నువ్వు నిలబడవే వేణీ. పెద్దోటు ఎవరికి నచ్చినట్టు వాళ్ళేసుకుంటారు. చిన్నోటు మాత్రం ఈ ఊళ్ళో నీకే."

వేణి మొదట నవ్వేసింది. కానీ చాప మీద ఉన్నవాళ్ళంతా ఆ మాట పట్టుకున్నారు. పిల్లల మీద ఒట్టేసి చెప్పారు. నాగరత్నం అయితే వేణి చెయ్యి తన నెత్తిన పెట్టుకుని మరీ చెప్పింది. గెలవకపోయినా పర్వాలేదు, మన ఊరి ఓట్లన్నీ ఒక్కచోట పడితే నీళ్ళ సంగతి పైవాళ్ళకు తెలుస్తుందని అనుకున్నారు. వేణి వారం రోజులు ఆలోచించుకుంది. పోటీ చెయ్యాలంటే ఉద్యోగం వదులుకోవాలన్నారు. మంచంలో తల్లి, చదువుకునే కూతురు, ఇంకో సంపాదన లేదు. అయినా రాజీనామా ఇచ్చి నామినేషను వేసింది.

స్వతంత్ర అభ్యర్థిగా ఆవిడకు వచ్చిన గుర్తు కుట్టుమిషను.

ఆ కబురు తెలిసిన రోజు వసారాలో పండగలా ఉంది. తాయారు నాకు నూనె పోసి, పాతగుడ్డతో తుడిచి, చక్రానికి బొట్టు పెట్టింది. మర్నాడు నన్ను నలుగురూ ఎత్తి ఆటోలో పెట్టారు. వెనక వేణి, మైకు పట్టుకుని తాయారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాం. ఆడవాళ్ళు బిందెలు దించుకుని నా దగ్గరికి వచ్చి చెయ్యి వేసి చూసేవారు. ఇనుముకు గర్వం ఉంటుందంటే ఎవరూ నమ్మరు. నాకు మాత్రం ఆ నాలుగు రోజులూ ఉంది.

ఐదోరోజు సాయంత్రం ఏడుకొండలు చెరువు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. భాస్కరంగారు చెరువుగట్టు మీద కనిపించి, కోప్పడకుండా, పిల్లల చదువు ఎలా ఉందని అడిగారట. వెళ్తూ వెళ్తూ ఒక్కమాట అన్నారట.

"మీ మిషనేనంట కదా, ఆటోలో తిరుగుతుంది."

అంతే. బెదిరింపు లేదు. ఆ మాట చెప్పి ఏడుకొండలు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. తాయారు మాత్రం అలాగే నిలబడిపోయింది. తెల్లారి వేణి ఇంటికి కబురు పంపింది, పెళ్ళిళ్ళ జాకెట్లు పేరుకుపోయాయి, మిషను ఇంక ఆటోలోకి ఇవ్వలేనని. నిజానికి కుట్టాల్సినవి రెండే ఉన్నాయి. వేణి కారణం అడగకుండా సరేనని కబురంపింది. ఆ తర్వాత ఆటో మీద నా బదులు అట్టముక్క మీద గీసిన బొమ్మ తిరిగింది.

పోలింగు రోజు పొద్దున్నే తాయారు తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చి పని లేకపోయినా నా ముందు కూర్చుంది. చాప మీదికి ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఎండ గురించీ, వరస పొడవు గురించీ మాట్లాడుకున్నారు. పెద్దోటు ఎవరికి వేశారో అడక్కుండానే చెప్పారు. చిన్నోటు మాట ఎవరూ ఎత్తలేదు. నాగరత్నం చూపుడువేలి మీద సిరా చుక్కను గోటితో గీకుతూ కూర్చుంది.

లెక్కింపు అయ్యాక ఢిల్లీలో ఎవరు వచ్చారో టీవీల్లో చెప్పారు. అసెంబ్లీ సీటు భాస్కరంగారి అభ్యర్థిదే. మా ఊరి బూత్‌లో వీరవేణికి ఎన్ని పడ్డాయో ఏడుకొండలే తెలుసుకుని వచ్చాడు.

"నాలుగంట," అన్నాడు.

తాయారు మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ అదే చెప్పాడు. అతని చేతిలో కవరు నిండా రొయ్యలున్నాయి, గెలిచిన సంతోషంలో భాస్కరంగారు కాపలావాళ్ళందరికీ పంచారట. తాయారు వాటిని ఒలిచి కూర వండింది. ఆ ఊరి నీళ్ళకు కూరలో ఉప్పు వెయ్యక్కర్లేదు. పిల్లలు తిన్నారు, అతను తిన్నాడు. ఆవిడ కంచం ముందు కూర్చుని లేచి వచ్చేసింది.

రెండురోజులకు వేణి వచ్చింది. చేతిలో గులాబీరంగు చీర. అంగన్వాడీలో కట్టుకునే చీర అది.

"ఇది ఇంక నాకక్కర్లేదక్కా. దిండుగలీబులు కుట్టిపెట్టు," అంది.

తాయారు తలెత్తకుండా చీర అందుకుంది. సూదిలో దారం ఎక్కించబోతే ఎక్కలేదు. రెండోసారీ తప్పింది.

వేణి చాప మీద కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడి, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది.

"నాలుగోట్లు పడ్డాయక్కా. నాదీ, మా అమ్మదీ తీసేస్తే రెండు. ఆ రెండింట్లో ఒకటి తమదేనని చెప్పడానికి మొన్నట్నించి మా ఇంటికి పన్నెండుమంది వచ్చేరు. నాగరత్నం పిన్ని ఏడ్చేసింది కూడా. నువ్వొక్కదానివే రాలేదు."

తాయారు కాళ్ళు నా తొక్కుడుపలక మీదే ఉన్నాయి. పదమూడో మనిషి అవడం ఎంత తేలికో ఆవిడకూ తెలుసు.

"నేను నీకు వెయ్యలేదే."

తాయారు చేతిలో దారం పక్కన పెట్టేసింది.

"అందరూ వేస్తారు కదా, నాదొక్కటీ తగ్గితే ఏం పోతుందిలే అనుకున్నాను. ఆయన పని పోద్దేమోనని భయం. మిషను బొమ్మ మీద చెయ్యి పెట్టేను కూడా. తీసేసేను. మరి పెద్దోటు కూడా భాస్కరంగారి పార్టీకే..."

"పెద్దోటు నేనడగలేదక్కా," అంది వేణి. "ఢిల్లీకి ఎవరికేసుకున్నా నాకేం లేదు. చిన్నదే అడిగేను. అది కూడా నిలబడమన్నది నువ్వు కాబట్టి."

కోపంగా అన్లేదు. కోపంగా అని ఉంటే తాయారు ఏడ్చి తేలికపడేది. గలీబులు ఎప్పటికవుతాయో అడిగి, వేణి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ గలీబులు కుట్టడానికి తాయారుకు మూడురోజులు పట్టింది. కుట్టిన కుట్టు సరిగానే ఉండేది, అయినా విప్పేది, మళ్ళీ కుట్టేది. పూర్తయ్యాక తానే తీసుకువెళ్ళి వేణి తల్లి తల కింద పెట్టి వచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వచ్చాక ఏడుకొండలుతో ఒకేమాట చెప్పింది, ఆ ఇంటికి పక్కూరి నుంచి రెండు బిందెల మంచినీళ్ళు రోజూ తను మోస్తానని. ఎవరేమన్నా సరేనంది. అతను కాదనలేదు. కాదనడానికి తల ఎత్తాలి కదా.

వేణికి పాత ఉద్యోగం తిరిగి రాలేదు. రొయ్యలు ఒలిచే ప్లాంటులో చేరింది. తెల్లవారకముందే వ్యాను వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకుని పోతుంది. ఏ చెరువుల మీద పోట్లాడిందో ఆ చెరువుల రొయ్యల్నే రోజంతా మంచుగడ్డల్లో చెయ్యి పెట్టి ఒలుస్తుంది. వేళ్ళ చర్మం తెల్లగా పాలిపోయి ఊడిపోతూ ఉంటుందని తాయారు చెబితే విన్నాను.

తర్వాత పంచాయతీ ఎన్నికలొచ్చాయి. సర్పంచి పదవి ఆడవాళ్ళకు కేటాయించారు. భాస్కరంగారు తన మరదలి చేత నామినేషను వేయించారు. బోర్లలో నీళ్ళు అప్పటికి ఇంకా చెడ్డాయి. చాప మీద మళ్ళీ గుసగుసలు మొదలయ్యాయి. ఒక ఆదివారం వేణి ప్లాంటుకు సెలవు పెట్టి కుట్టడానికి జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వస్తే, అందరూ ఆవిడ చుట్టూ చేరారు. ఇది చిన్న ఎన్నిక, ఊళ్ళోదే, పార్టీల గొడవ లేదు, ఈసారి నువ్వు నిలబడితే చాలు అన్నారు. నాగరత్నం మళ్ళీ చెయ్యి పట్టుకోబోయింది.

వేణి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చేతి వేళ్ళు అందరూ చూశారు.

"నేను ఓటెయ్యడానికి వస్తాను పిన్నీ. నిలబడేది ఎవరో మీరు చూసుకోండి," అంది. "ఎవరు నిలబడినా నా ఓటు వాళ్ళకే. నేను వేశానని చెప్పడానికి మాత్రం వాళ్ళింటికి రాను."

జాకెట్టు గుడ్డ నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

చాప మీద ఎవరూ కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేక వీధిలోకి చూస్తున్నారు. ఎవరో ఒకరు నిలబడమని తాయారు పేరు ఎత్తుతారని నాకనిపించింది. ఆవిడకూ అనిపించినట్టుంది. గబగబా నా ముందుకు జరిగి తొక్కడం మొదలుపెట్టింది. చక్రం తిరిగింది, సూది లేచి పడింది, వసారా అంతా నా చప్పుడుతో నిండిపోయింది. ఇంక ఎవరూ ఏమీ మాట్లాడాల్సిన పని లేకుండా పోయింది.

సూదిలో దారం లేదు. కింద గుడ్డా లేదు. చాలాసేపు అలాగే తొక్కుతూ ఉండిపోయింది.