అందించని మాట

లవంగం బుగ్గన పెట్టుకొని, నాటకం పుస్తకంలో విరామాల దగ్గర ఎర్ర పెన్సిలుతో గీతలు కొడుతున్నాడు సైదులు. వీపు కాస్త వంగింది, కళ్లద్దాల కాడకు దారం చుట్టి ఉంది. పగలు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు నోట్సు బైండింగ్ చేయడం, సాయంత్రాలు తెర పక్కన కూర్చొని నటులు మరిచిన మాట అందించడం, ముప్పై ఏళ్లుగా ఇదే ఆయన బతుకు. ఆ గొంతు నటుడి చెవి దాటి ముందు వరుసకు కూడా పోదు. అంత పనిమంతుడి పేరు ఒక్క కరపత్రం మీదా పడలేదు. అడగనివాడికి ఎవరు వేస్తారు?

భార్య లచ్చమ్మ చాయ్ గ్లాసు పెట్టి వెళ్లబోయింది.

“పొద్దుమూకినంక జర రారాదు లచ్చమ్మా. బస్సులు బందున్నయి గని ఆటోలు తిరుగుతున్నయి. మూడో వరుసల కుర్చి పట్టిపెడ్త.”

“ఊఁ” అంది ఆమె. వస్తాననో, విన్నాననో.

ఇరవై రెండేళ్లుగా ఆయనకు దక్కినవి ఆ ఊఁలే. పక్కింటివాళ్లతో గలగలా మాట్లాడే మనిషి, భర్త గుమ్మంలో కనబడితే నోరు కట్టేసుకుంటుంది. తప్పు ఆయనదే. పెళ్లయి నల్లగొండ పల్లె నుంచి ఎల్బీనగర్ వచ్చిన కొత్తలో, ఆయన ఆలస్యంగా ఇల్లు చేరిన ప్రతిసారీ ఆమె అనేది: “ఏందయ్యా, పొద్దు నీ అయ్య జాగీరా? నువ్వొచ్చెదాంక ఆగుతదా?” ఒక నాటకంలో వెర్రిబాగుల నౌకరు వేషానికి “కాస్త మీవైపు యాస తగిలించవయ్యా” అని దర్శకుడు అడిగితే, మెప్పు కోసం ఆ మాటే రాసిచ్చాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మొదటిసారి నాటకం చూడవచ్చిన లచ్చమ్మ ఆ నవ్వుల మధ్య కూర్చుంది. ఇంటికి వచ్చేదాకా ఏమీ అనలేదు. ఆ తర్వాతా అనలేదు. ఆ రోజు ఆయనకు సిగ్గు వేయలేదు సరికదా, గర్వపడ్డాడు. అదే ఇప్పటికీ మనసును కెలుకుతుంది.

ఇప్పుడు ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ అంతా సమ్మెలో ఉంది. మా యాసను వెక్కిరిస్తారా అని వీధివీధినా నిలదీస్తున్నారు. ఇలాంటి రోజుల్లో కొత్త దర్శకురాలు మృదుల ఒక ఇంగ్లీషు హాస్య సంగీత నాటకం ఎత్తుకుంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ల అమ్మాయి, పుట్టింది మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోనే. బహుమతి గెలిచిన పంది తప్పిపోతే ఊరంతా పాటలు పాడుకుంటూ ఒకరి మీద ఒకరు నెపం వేసుకునే కథ అది. ఆ ఇంగ్లీషు పల్లెను ఆమె నల్లగొండ పక్కకు తెచ్చింది. పంది పొట్టేలైంది, దొరగారు పటేలయ్యాడు, అతడి నోరు మూయించే ముసలామె పెద్దవ్వయింది.

“ఈసారి అందరూ మీ భాషే మాట్లాడతారండీ, సైదులుగారూ. పెద్దవ్వకి మాత్రం గట్టి మాట ఒకటి కావాలి” అంది మృదుల.

ఆయన ఆ పాత మాటే ఇచ్చాడు. ఈసారి అది నవ్వులపాలయ్యే మాట కాదు, పటేలు తల దించుకునే మాట. లచ్చమ్మ అది వినాలి. విని తనతో ఒక్కసారి మునుపటిలా మాట్లాడాలి. అంతకన్నా ఆయనకు కావలసింది ఏమీ లేదు.

సాయంత్రం మూడో వరుసలో ఒక కుర్చీ మీద తన తువ్వాలు వేసి వచ్చాడు. నాటకం మొదలైంది. పొట్టేలు తప్పిపోయింది, పాటలు అయ్యాయి, జనం నవ్వారు. కుర్చీ ఖాళీగానే ఉంది. పొద్దుటి నుంచి ఎడమ చెయ్యి లాగుతోంది, బైండింగ్ నొప్పి అనుకున్నాడు. పంచాయితీ ఘట్టం మొదలవుతుండగా వెనక తలుపు తెరుచుకొని లచ్చమ్మ వచ్చింది. ఆటోలు దొరక్క నడిచి వచ్చినట్టుంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ, తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. సైదులు పెద్దవ్వ మాట మీద వేలు ఆనించాడు.

పటేలు ఆలస్యంగా ప్రవేశించాడు. పెద్దవ్వ వేషంలో ఉన్న ఇంద్రాణి లేచి “ఏందయ్యా పటేలా...” అని ఆగిపోయింది. తర్వాతి మాట గుర్తు రాలేదు. కంటి కొసతో తెర పక్కకు చూసింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి, అక్కడి నుంచి ఏమీ అందలేదు.

మూడో వరుసలో కూర్చున్న లచ్చమ్మ, ఒకప్పుడు ఇంట్లో అన్నట్టే అంది: “పొద్దు నీ అయ్య జాగీరా? నువ్వొచ్చెదాంక ఆగుతదా?”

ఎవరూ నవ్వలేదు. ఇంద్రాణి ఆ మాట అందుకొని పటేలు మీదికి వెళ్లింది. అదీ నాటకంలో భాగమే అనుకొని జనం చప్పట్లు కొట్టారు.

తెర దించాక మృదుల పరుగున వచ్చింది. “ఆ ఏర్పాటు నాకు చెప్పనేలేదేమండీ?” అంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

ప్రాణం పోయేముందు లచ్చమ్మ మాట ఆయన విన్నాడో లేదో చెప్పగలవాళ్లు లేరు. లచ్చమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఇరవై రెండేళ్లుగా దాచుకున్న మాటలు ఎన్ని ఉన్నాయో ఆమె దగ్గర, పాపం, ఒక్కటీ పైకి రాలేదు.

ఒళ్లో పుస్తకం తెరిచే ఉంది. మృదుల ఆయన వేలు పక్కకు తీస్తే, ఆ మాట పక్కన ఎర్ర పెన్సిలుతో ‘లచ్చమ్మది’ అని రాసి కనబడింది. చదువు రాని లచ్చమ్మ ఆ పుస్తకాన్ని మెల్లగా మూసి, తువ్వాలులో చుట్టుకుంది.