ముట్టు కాని రక్తం

బాత్రూం కడిగి బయటికొస్తే అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. "ఒసే ఝాన్సీ, మళ్లీ ఎర్రగా అవుతన్నాదేటే? దేవుడి గదిలోకి రాకు."

"అది ముట్టు కాదత్తా. మూత్రంలో వస్తోంది."

"ఆగిపోయే ముందు అలాగే ఎప్పుడు పడితే అప్పుడు అవుతాది. నాకవలేదా?"

జగ్గమ్మ నాకు అత్తగారే కాదు, సొంత మేనత్త. ఆమె మాట కాదనడం చిన్నప్పట్నుంచీ నాకు అలవాటు లేదు. ఆ మైల దేవుడి గదికి అంటేది గానీ వంటింటికి అంటేది కాదు. అన్నం, కూరలు వండి, అత్తకి టీ చేతికిచ్చి, స్కూటర్ మీద విజయనగరంలో కాలేజీకి పరిగెత్తేదాన్ని.

బావకీ చెప్పాను. నా మొగుడు త్రినాథ్ గరివిడిలో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్. ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఎండన పడి తిరిగితే వేడి సెయ్యదేటి? సబ్జా గింజలు తాగు" అన్నాడు. తాగాను. నొప్పి లేదు కదా, నమ్మడమే తేలికనిపించింది. వానలొచ్చాయి, రక్తం ఆగలేదు. క్లాసు మధ్యలో మాటిమాటికీ బాత్రూంకి ఎందుకు వెళ్తున్నానని ప్రిన్సిపాల్ స్టాఫ్‌రూంలో అందరి ముందూ అడిగాడు. ఆ రోజు నుంచి కాలేజీలో నీళ్లు తాగడం మానేశాను.

ఒక మధ్యాహ్నం ఇంటర్ పిల్లలకు బోటనీలో కణవిభజన చెబుతుంటే పొత్తికడుపు రాయిలా బిగిసింది. ఎంత ప్రయత్నించినా మూత్రం రాలేదు. ఫిజిక్స్ చెప్పే పద్మకుమారి నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. గొట్టం వేస్తే గడ్డకట్టిన రక్తం వచ్చింది. తర్వాత లోపల కెమెరాతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

రిపోర్టు చెప్పేనాడు బావ వచ్చాడు. మూత్రకోశంలో క్యాన్సర్, కండరంలోకి దిగింది అంది డాక్టరమ్మ, నా వైపు కాకుండా అతని వైపు చూస్తూ. "కణవిభజన ప్రొటీన్లు కూడా చూశాం సార్. కేఐ-67 చాలా ఎక్కువుంది, అంటే కణాలు జోరుగా పెరుగుతున్నాయి. తప్పున్న కణాన్ని ఆపాల్సిన పీ53 చెడిపోయింది."

బావకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠమే. చెబుతున్నన్నాళ్లూ అది నా కడుపులో జరుగుతూనే ఉంది.

"మొదట్లోనే వచ్చుంటే గడ్డ ఒక్కటీ గోకి తీస్తే సరిపోయేదేమో. ఇప్పుడు ముందు కీమో ఇచ్చి, తర్వాత మూత్రకోశమే తీసెయ్యాలి. పొట్టకి సంచి తగిలించుకుని ఉండాలి."

బావ అడిగిన మొదటి ప్రశ్న: "అయితే ఇంట్లో పనీ అదీ సేసుకోగలదాండీ?"

ఇంటికొచ్చాక అత్త ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, "పొట్ట మీద ఉచ్చసంచేటే! నలుగుర్లో తలెత్తుకోగలమా? బొబ్బిలి దగ్గర పసరు పోసేవోడున్నాడట. మూణ్ణెల్లు సూద్దాం" అంది.

"అమ్మ సెప్పినట్టు సెయ్యి" అన్నాడు బావ.

"నా కణాలు మూణ్ణెల్లు ఆగవు బావా."

"నీకు సదువెక్కువైపోనాది."

మర్నాడు వాళ్లు లేవకముందే రెండు నూలు చీరలు, నైటీలు సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లి చేరాను. రాత్రే ఫోన్లో చెప్పాను, పద్మకుమారి అప్పటికే వచ్చి కూర్చుంది. మొదటి సెలైన్ ఎక్కుతుండగా బావ ఫోన్ చేశాడు.

"ఏటే, సెప్పకుండా ఎలిపోనావు? అమ్మకి అన్నం ఎవులు పెడతారు?"

"కుక్కర్ పెట్టడం అత్తకి వచ్చు బావా. నీకు నేర్పుతుంది" అని ఫోన్ పెట్టేశాను. భయంగానే ఉంది.

పద్మకుమారి నా మీద దుప్పటి సర్దింది. "మా ఇంటి వెనక వాటా ఖాళీగానే ఉన్నాది. నేనొక్కదాన్నే కదా. ఆపరేషనయ్యాక అక్కడికే వచ్చెయ్ ఝాన్సీ" అంది.

ఎన్నాళ్లు బతుకుతానని డాక్టరమ్మని అడిగితే ఆమె చెప్పలేకపోయింది. ఎక్కడ బతకాలో మాత్రం నేను ఎవరినీ అడగలేదు.